ఒక కొండ అవతల

కళ్ళజోళ్ళ షాపు వెనకగదికి కిటికీ లేదు. ఒక బల్ల, అద్దాల అంచులు అరగదీసే మెషీను, దాని మీదకి వంగిన బల్బు, మూల ఒక నీళ్ళ తొట్టి, అంతే. ఆ గదిలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని వీధంతా అద్దాలక్క అంటుంది. ముందుగదిలో యజమాని వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్తుంటే, ఈవిడ వెనక కూర్చుని అద్దం మీద వెంట్రుకంత గీత ఉన్నా పట్టేస్తుంది. "నీ కళ్ళకి జన్మలో జోడు అమ్మలేను, నీ వల్ల నాకు నష్టమే తల్లీ" అని ఆయన రోజుకోసారైనా అంటాడు. ఈవిడ రోజూ నవ్వుతుంది. పాత జోకే అయినా జీతమిచ్చేవాడిది కదా.

ఆవేళ మధ్యాహ్నం మెషీను ఆపి, డబ్బా విప్పి రెండు ముద్దలు తిందో లేదో ఫోన్ బల్ల మీద గుర్రుమంది. మ్యాప్ నుంచి కబురు. 'మీరు గుర్తు పెట్టుకున్న చోటికి కొత్త ఫోటో వచ్చింది.' కింద, ఫోటో పెట్టిన మనిషి పేరు.

తమ్ముడి పేరు.

చేతిలో ముద్ద డబ్బాలోకి జారిపోయింది. తమ్ముడు పోయి పదకొండు నెలలు.

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఆ ఇంట్లో జలపాతాల పిచ్చి ముగ్గురిది. తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. వారమంతా చీకటి గోతుల్లో గ్రీజు పూసుకుని వేలాడేవాడు కాబట్టి ఆదివారం వస్తే కాలు ఇంట్లో నిలిచేది కాదు. మొగుడు నీటి సరఫరా ఆఫీసులో పైపుల ప్లాన్లు గీస్తాడు. ఎత్తుపల్లాల గీతలు చూపిస్తే చాలు, నీళ్ళు ఎటు పోతాయో, ఎక్కడ దూకుతాయో చెప్పేస్తాడు. అద్దాలక్క మాత్రం కొండెక్కదు, ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి. కానీ వెతికిపెట్టేది ఈవిడే. సాయంత్రం వంటయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని, ఆకాశం నుంచి తీసిన అడవి బొమ్మ మీద అంగుళం అంగుళం కదిలేది. ఆకుపచ్చ మధ్యలో తెల్లటి నూలుపోగు కనిపిస్తే అక్కడ ఒక చుక్క పెట్టేది. అలాంటి చుక్కలు మూడొందల దాకా పెట్టింది. వాటిలో ఒకటి ఎంచుకుని ఆదివారం బావా బావమరుదులిద్దరూ సంచులు తగిలించుకుని వెళ్ళేవాళ్ళు. అలా ఇరవై రెండు జలపాతాలు దొరికాయి. పేరు లేనివి, ఎవరూ ఫోటో తియ్యనివి.

నాలుగోది దొరికినప్పుడు సంబరం పట్టలేక అందరికీ కనిపించేట్టు మ్యాప్‌లో పెట్టారు. రెండు నెలలు తిరక్కుండా అక్కడ చిప్స్ ప్యాకెట్లు, సీసా పెంకులు, బండ మీద సున్నంతో ప్రేమికుల పేర్లు. తమ్ముడికి ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు వాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. చూసొచ్చిన ప్రతి జలపాతానికీ ఫోన్‌లో దాచుకునే గుర్తు అసలు చోట పెట్టకూడదు, ఒక కొండ తూర్పుకి జరిపి పెట్టాలి. లిస్టు ఎవడి కంట పడ్డా పక్క లోయలో తిరిగి తిరిగి, తిట్టుకుని ఇంటికి పోతాడు.

"దీని పేరు దిష్టిచుక్క," అన్నాడు తమ్ముడు. "అసలు చోటు ఎప్పుడూ పడమటికి, ఒక కొండ అవతల. మన ముగ్గురికే తెలుసు. నాలుగో మనిషికి చెప్పినవాడు లిఫ్టులో ఇరుక్కుపోవాలని నా శాపం."

రెండో కట్టుబాటు అక్క పెట్టింది. నారింజ రంగు ప్లాస్టిక్ ఈలలు మూడు కొనుక్కొచ్చింది. ఒకటి తమ్ముడి మెళ్ళో, ఒకటి మొగుడి మెళ్ళో, మూడోది వంటింటి మేకుకి. మూడుసార్లు ఊదితే, నా దగ్గరికి రా. ఒక్కసారి ఊదితే, వినిపించింది, వస్తున్నా. "ఒకటి ఊదినవాడు రావాల్సిందే, ఏమైనా సరే," అని ఇద్దరి చేతా ఒప్పించుకుంది. తమ్ముడిది గోడలు పగిలే ఈల. మొగుడికి ఊపిరి చాలదు, అందులో తుంపర ఒకటి. "బావా, నీది ఈల కాదు, సైకిల్ ట్యూబుకి చిల్లు," అని వాడు ఆటపట్టించేవాడు.

ఇరవై మూడోదానికి బయల్దేరిన పొద్దున ఎక్కడికని అడిగితే ఇద్దరూ ముసిముసిగా నవ్వారు. నువ్వు వెతికిందే, వచ్చాక చెప్తాం అన్నారు. సాయంత్రం మొగుడొక్కడే ఫోన్ చేశాడు. తమ్ముడు ముందు దిగాడు, నేను వెనకబడ్డాను, చూస్తే మనిషి లేడు, రక్షణ దళం వాళ్ళ దగ్గర ఉన్నాను, నా ఫోన్‌లో గుర్తు చూపించాను, లోయలోకి దిగుతున్నారు అన్నాడు.

అంత ఏడుపులోనూ అద్దాలక్క ఒక ప్రశ్న అడిగింది. "ఏవండీ, మీరు చూపించింది అసలు చోటేనా? దిష్టిచుక్క కాదు కదా?"

అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. "అసలు చోటే," అన్నాడు మొగుడు.

నలభై మంది ఐదు రోజులు వెతికారు. బూటు దొరకలేదు, సంచి దొరకలేదు, చొక్కా పీలిక దొరకలేదు. నీళ్ళు తీసుకుపోయి ఉంటాయన్నారు. ఏడవడానికి మనిషి లేకపోతే ఏడుపు కూడా సగంలోనే ఆగిపోతుంది. ఆ నెలలో ఒక సాయంత్రం అద్దాలక్క మేకు మీది ఈల తీసుకుని మేడెక్కి, ఊరు చివర కనపడీ కనపడని కొండలకేసి మూడుసార్లు ఊదింది. పక్కింటి కుక్క మొరిగింది. మొగుడు పరిగెత్తుకొచ్చి ఈల లాక్కున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇంకెప్పుడూ ఊదకు," అన్నాడు. తనకి పిచ్చెక్కుతుందని భయపడ్డాడనుకుంది. పాపం అనుకుంది కూడా.

ఇప్పుడు బల్బు కింద ఆ ఫోటో. అద్దాలక్క దాన్ని వేళ్ళతో పెద్దది చేసింది.

కింది నుంచి పైకి తీసిన ఫోటో. తెల్లటి నీటి ధార, నల్లటి రాయి, పైన సన్నటి ఆకాశం ముక్క. కింది అంచులో బూటు ఒకటి సగం కనిపిస్తోంది. పైన సగం తెల్ల తాడు, కింద నల్ల తాడు. రెండు తెగిన తాళ్ళు ముడేసి బూటుకి కట్టుకునే పిసినారి ఆ ఇంట్లో తమ్ముడొక్కడే. పైన, ధార దూకే చోట, చిన్న నీలం మరక. ఇంకా పెద్దది చేసింది. నీలం రెయిన్‌కోటు వేసుకున్న మనిషి, వీపు ఇటు, నడక అటు. వీపు మీద నలుచదరంగా పసుప్పచ్చ అతుకు. మొగుడి కోటుకి ఆ అతుకు వేసింది అద్దాలక్కే.

ఫోటో కింద తేదీ. వెతుకులాట మొదలైన మూడో రోజు.

చోటు చూసింది. ఈవిడ ఎప్పుడో పెట్టిన మూడొందల చుక్కల్లో ఒకటి. నలభై మంది వెతికిన లోయకి పడమట, సరిగ్గా ఒక కొండ అవతల.

మెషీను రాయి మీద నీటి చుక్కలు ఆరిపోయేదాకా అలాగే కూర్చుంది. మూడో రోజుకి వాడు బతికే ఉన్నాడు. ఫోటో తీసేంత ఓపికతో ఉన్నాడు. మొగుడికి తెలుసు. పదకొండు నెలలుగా అదే కంచంలో తింటూ, అదే మంచం మీద పడుకుంటూ, తెలుసు. యజమాని లోపలికి తొంగిచూసి, ఒంట్లో బాలేదా అన్నాడు. బానే ఉంది అని మిగిలిన అద్దాలు కూడా అరగదీసి, తుడిచి, కవర్లలో పెట్టి ఇంటికెళ్ళింది.

"ఆదివారం నన్ను అక్కడికి తీసుకెళ్ళండి," అంది మొగుడితో.

"ఎక్కడికి?"

"తమ్ముడు పోయిన చోటికి. ఒక్కసారి చూస్తాను."

వానలు మొదలయ్యాయన్నాడు, నీకు కళ్ళు తిరుగుతాయన్నాడు. ఈవిడ మళ్ళీ మాట్లాడలేదు. మాట్లాడని ఆడదానితో వాదించి గెలిచిన మొగుడు లేడు. ఆదివారం పొద్దున్నే కారు తీశాడు. కారు వెనక పాత సంచి, రెండో తాడు అలాగే ఉన్నాయి. అద్దాలక్క ఎర్ర రెయిన్‌కోటు వేసుకుంది. మేకు మీది ఈల కనిపించకపోతే వెతికి, మొగుడి బట్టల కింద పట్టుకుని, జేబులో వేసుకుంది.

రెండు గంటల ప్రయాణం. ఊరు అయిపోయింది, ఇటుక బట్టీలు అయిపోయాయి, చివరి పెట్రోలు బంకూ అయిపోయింది. సన్నగా తుంపర. కొండల కింద రోడ్డు రెండుగా చీలిన చోట మొగుడు కుడివైపు లైటు వేశాడు.

"ఎడమకి," అంది అద్దాలక్క.

"కుడికే. నాకు తెలీదా?"

"మీకు తెలుసు. అందుకే ఎడమకి."

కారు ఆగింది. అద్దం మీద వైపర్లు ఇటూ అటూ తిరుగుతున్నాయి. ఈవిడ ఫోన్ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. ఫోటోని వేళ్ళతో పెద్దది చేసుకున్నాడు.

"ఇది... నీకెలా వచ్చింది?"

"తమ్ముడు పెట్టాడు, మొన్న మధ్యాహ్నం. మూడో రోజు మీరెక్కడున్నారు?"

చెప్పాడు. తెగిన గొట్టంలోంచి నీళ్ళొచ్చినట్టు ఆగి ఆగి చెప్పాడు. తాడు చెట్టుకి కట్టింది తనేనట. తమ్ముడు సగం దిగేసరికి తన ముడి ఊడిపోయిందట. వాడు కింద అరుగు లాంటి రాతి మీద పడ్డాడు, కాలు విరిగింది, మనిషి స్పృహలో ఉన్నాడు. పరిగెత్తు బావా, ఎవర్నైనా తీసుకురా అన్నాడు. ఈయన పరిగెత్తాడు. రక్షణ దళం వాళ్ళు ఎక్కడ అని అడిగితే కంగారులో ఫోన్ తీసి చూపించేశాడు. కిందటి వారమే ఇద్దరూ ముచ్చటపడి ముందుగా పెట్టుకున్న గుర్తు, దిష్టిచుక్క.

"పొరపాటే," అన్నాడు. "ఒట్టు. నువ్వు ఫోన్‌లో అడిగేదాకా నాకు తట్టనే లేదు."

"నేను అడిగాక?"

"అడిగాక... అప్పటికే అందరూ ఆ లోయలోకి దిగిపోయారు. నా ముడి ఊడిందని చెప్పలేదు, వాడే జారాడన్నాను. ఇప్పుడు చోటు కూడా తప్పంటే నన్నేమంటారో అని... నోట్లోంచి అసలు చోటే అని వచ్చేసింది. పొద్దున చెప్దామనుకున్నా. పొద్దునకి ఒక రాత్రి పోయింది. రాత్రంతా పోగొట్టావా అంటారని సాయంత్రం చెప్దామనుకున్నా. సాయంత్రానికి ఇంకా కష్టమైంది."

"మూడో రోజు?"

"వాళ్ళ కన్నుగప్పి వెళ్ళాను. వాడు... మూడుసార్లు ఊదుతున్నాడు. సన్నగా. ఊది, ఆగి, మళ్ళీ ఊది." ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. "నేను ఒకటి ఊదాను."

అద్దాలక్క కిటికీలోంచి బయటికి చూసింది. బావమరిది బతకగోరతాడని సామెత. బావ ఏం కోరతాడో సామెతలో లేదు. ఒకటి ఊది, వస్తున్నానని మాటిచ్చి, వీపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. వాడు ఆ ఒక్క ఈలని నమ్ముకుని ఇంకెన్ని రోజులు ఉన్నాడో. తను అడిగింది. ఇంత స్పష్టంగా, పేరు పెట్టి అడిగింది. వాడి ప్రాణం ఆ రెండు క్షణాల నిశ్శబ్దంలో ఉండగా ఈ మనిషి ఆలోచించుకుని అబద్ధం చెప్పాడు.

"ఎడమకి తిప్పండి," అంది. "వాణ్ణి చూడకుండా నేను ఇంటికి రాను."

కారు దిగాక గంటన్నర నడక. మధ్యాహ్నం ఒంటిగంటే అయినా ఆ ఇరుకు లోయలోకి ఎండ దిగదు. రెండు వైపులా కొండ గోడల్లా లేచి ఉంది. నాచు పట్టిన రాళ్ళు, కుళ్ళిన ఆకుల వాసన. దూరంగా నీళ్ళు దూకుతున్న హోరు. ఎత్తు పెరిగేకొద్దీ అద్దాలక్కకి కళ్ళు తిరగాలి. తిరగలేదు. పొగమంచు చెట్ల మొదళ్ళ దగ్గర పట్టుకుని వేలాడుతోంది. ఒక్క పిట్ట కూతైనా లేదు. పురుగు చప్పుడైనా లేదు.

జలపాతం పైఅంచుకి వచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది. ముక్కుకి ఏదో తగిలింది. ఆకుల వాసన కాదు, నీళ్ళ వాసన కాదు.

"గ్రీజు," అంది మెల్లగా.

మొగుడు కూడా ఆగాడు. అవును, గ్రీజే. లిఫ్టు తీగలకి పూసే నల్ల గ్రీజు. అడవి మధ్యలో, రోడ్డుకి అంత దూరాన. తమ్ముడు పని నుంచి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతుంటే ఇల్లంతా కమ్మే వాసన.

"పోదాం," అన్నాడు మొగుడు గొంతు తగ్గించి. "కిందకెళ్ళి రక్షణ దళం వాళ్ళకి చెప్దాం. అంతా చెప్తాను. ఏ శిక్ష వేసినా పడతాను. ఇక్కడ వద్దు..."

అప్పుడు వినిపించింది.

కింద నుంచి. నీటి హోరు లోపల్నుంచి. ఈల.

ఒకటి... రెండు... మూడు.

"గాలి," అన్నాడు మొగుడు. "రాళ్ళ సందుల్లో గాలి..."

ఒకటి. రెండు. మూడు. గోడలు పగిలే ఈల. పదకొండు నెలలు ఊదినా ఊపిరి తగ్గని ఈల.

అద్దాలక్క జేబులో తన ఈలని తడిమి చూసుకుంది. అది తమ్ముడి ఈల. చిన్నప్పుడు బడి గేటు దగ్గర అక్క ఎప్పుడొస్తుందా అని నిలబడ్డవాడి ఈల.

"పిలుస్తున్నాడు, వెళ్ళు," అంది.

పెళ్ళయిన పదమూడేళ్ళలో ఆవిడ ఆయన్ని ఏకవచనంలో అనడం అదే మొదటిసారి. ఆయన తలెత్తి చూశాడు.

"నువ్వు ఒకటి ఊదావు. ఊదినవాడు రావాల్సిందే. వెళ్ళు."

ఆయన ఏడుస్తూనే సంచి విప్పాడు. అంచుకి పది అడుగుల ఇవతల ఒక చెట్టు ఉంది. దాని మాను చుట్టూ బెరడు రాసుకుపోయిన పాత చార ఒకటి. "ఆవేళ కూడా ఈ చెట్టుకే కట్టాను," అన్నాడు. తాడు రెండు చుట్లు చుట్టి, ముడి వేసి, లాగి చూశాడు. మళ్ళీ లాగి చూశాడు. మెళ్ళో ఈల నోట్లో పెట్టుకుని ఒక్కసారి ఊదాడు. తుస్సుమంటూ, తుంపరతో.

కింద ఈల ఆగిపోయింది. విన్నట్టు.

ఆయన అంచు దిగి కనుమరుగయ్యాడు. తాడు బిగుసుకుని, అంగుళం అంగుళం కదులుతోంది. నీటి హోరులో కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆయన గొంతు.

"ఇక్కడ... ఎవరూ లేరు..."

అద్దాలక్క చెట్టుకి దగ్గరగా జరిగింది.

"సంచి ఉంది... ఒక బూటు..." గొంతు ఆగింది. మళ్ళీ వచ్చినప్పుడు గుసగుసలా వచ్చింది. అంత హోరులోనూ ఆ గుసగుస ఎలా వినిపించిందో దేవుడికే తెలియాలి. "ఉన్నాడు."

"ఎవరు?"

"కూర్చున్నాడు... మొహం అటు తిప్పుకుని... చలేస్తుందేమో, ఒళ్ళంతా..." ఆయన ఊపిరి ఎగబీల్చిన చప్పుడు. "పైకి లాగు. నన్ను పైకి లాగు. తిరుగుతున్నాడు... ఇటు తిరుగుతున్నాడు..."

తాడు గట్టిగా అదిరింది. అద్దాలక్క చెట్టువైపు చూసింది.

ముడి కదులుతోంది.

తాడు లాగుడికి కదలడం కాదు. లాగితే ముడి బిగుసుకోవాలి. ఇది వదులవుతోంది. తాడు కొస ఒకటి మెల్లగా వెనక్కి జారి, కిందనుంచి దూరి, పైకి వచ్చింది. ఓపిగ్గా, తొందర లేకుండా, పని తెలిసిన చేతులు విప్పుతున్నట్టు. తెల్లటి తాడు మీద నల్లగా మరకలు పడుతున్నాయి. ఒకటి... రెండు... నాలుగు. వేళ్ళ ముద్రలు. వెంట్రుకంత గీతని పట్టే కళ్ళు, ఆ గ్రీజు ముద్రల్లో చుట్లు తిరిగిన గీతలు కూడా చూశాయి.

చెయ్యి చాపితే అందేంత దూరం. రెండు చేతులతో పట్టుకుంటే ఆగేది. అద్దాలక్క చేతులు రెయిన్‌కోటు జేబుల్లోనే ఉన్నాయి.

తాడు కొస ఆవిడ కాలి పక్కనుంచి జరజరా పాకి అంచు దాటి పోయింది.

కేక వినపడలేదు. నీళ్ళ హోరు ఒక్కటే. గ్రీజు వాసన కూడా పోయింది. అద్దాలక్క చెట్టు పట్టుకుని నిలబడి అంకెలు లెక్కపెట్టింది, ఎందుకో తనకే తెలీదు. నూట పదహారు దాకా వచ్చాక కింద నుంచి ఈల.

తుస్సుమంటూ. తుంపరతో. ఒకటి... రెండు... మూడు.

బతికే ఉన్నాడు.

ఆవిడ మోకాళ్ళ మీద పాకుతూ అంచు దాకా వెళ్ళింది. కళ్ళు గట్టిగా మూసుకుంది, కిందకి చూడలేదు. జేబులోంచి ఈల తీసింది. అప్పుడు కూడా మనసులో ఒక మూల, పద, పరిగెత్తు, మనుషుల్ని తీసుకురా అని ఏదో అంటూనే ఉంది. మొగుడే కదా అంటోంది. ఇంకో మూల ఎవరో ఫోన్‌లో రెండు క్షణాలు మాట్లాడకుండా ఊరుకున్నారు.

ఒక్కసారి ఊదింది.

లేచి, వీపు తిప్పుకుని, వచ్చిన దారినే నడిచింది.

రక్షణ దళం ఆఫీసులో కుర్చీలు మారాయి గానీ అధికారి మారలేదు. పోయినేడు తమ్ముడి కోసం ఐదు రోజులు వానలో తడిసిన పెద్దమనిషే. అద్దాలక్కని చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. మంచినీళ్ళిచ్చాడు. మొగుడు జారిపడ్డాడని ఆవిడ చెప్పింది విని తల పట్టుకున్నాడు.

"ఎక్కడమ్మా? చోటు చూపించగలరా?"

అద్దాలక్క ఫోన్ తీసి లిస్టు తెరిచింది. ఇరవై మూడోది, దారిలో తనే పెట్టుకొచ్చిన దిష్టిచుక్క. చుక్క మీద వేలు పెట్టి ఆయనవైపు తిప్పింది.

"పోయినేడు వెతికింది కూడా ఇక్కడే కదా," అన్నాడు ఆయన, ఫోన్ దగ్గరికి తీసుకుని. "ఖచ్చితంగా ఇదే చోటా? ఒకసారి చూసుకుని చెప్పండి. ఇందులో తేడా వస్తే మనిషి పోతాడు."

ఆవిడ రెండు క్షణాలు మాట్లాడలేదు. ఆ తప్పు మొగుడికి పొరపాటున జరిగింది. ఈవిడకి పొరపాటు లేదు.

"అసలు చోటే," అంది.

నలభై మంది ఐదు రోజులు వెతికారు. ఐదో రోజు మధ్యాహ్నం అధికారి ఇంటికి ఫోన్ చేసి, క్షమించమ్మా, ఆపేస్తున్నాం అన్నాడు. మీ కష్టం ఊరికే పోదు లెండి అని ఆయన్నే ఓదార్చి పెట్టేసింది. తర్వాత వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. తేలికగా ఉంటుందనుకుంది. లేదు. ఇల్లు ఖాళీగా ఉంది, అంతే. మేకు మీద ఈల వేలాడుతోంది. బయట వాన వెలిసి, చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి.

ఫోన్ గుర్రుమంది.

'మీరు గుర్తు పెట్టుకున్న చోటికి కొత్త ఫోటో వచ్చింది.'

తమ్ముడి పేరే. తెరవకూడదనుకుంది. వేలు ఆగలేదు.

కింది నుంచి పైకి తీసిన ఫోటో. తెల్లటి ధార, నల్లటి రాయి. పైన, అంచు మీద, చిన్న ఎర్ర మరక. పెద్దది చెయ్యక్కర్లేదు. ఎర్ర రెయిన్‌కోటు, వీపు ఇటు, నడక అటు. కింది అంచులో తెల్ల తాడు నల్ల తాడు కలిపి కట్టిన బూటు. దాని పక్కనే, ఆనుకుని, ఇంకో జత. ఆదివారం పొద్దున తనే తుడిచి గుమ్మం దగ్గర పెట్టిన మొగుడి బూట్లు.

ఫోటో కింద తేదీ చూసింది. ఈరోజుది.

ఫోన్ బోర్లా పెట్టింది. అప్పుడు మెట్ల మీంచి వినిపించింది. ఈల. గోడలు పగిలేట్టు... ఒక్కసారే.

పోయినేడు మేడెక్కి కొండలకేసి మూడుసార్లు ఊదింది గుర్తొచ్చింది. నా దగ్గరికి రా అని. దానికి ఇన్నాళ్ళకి జవాబు. వినిపించింది, వస్తున్నా.

ఒళ్ళు కదల్లేదు. చూపు ఒక్కటే తలుపు మీదకి వెళ్ళింది. గడియ వేసే ఉంది. తలుపు కింది సందులోంచి గ్రీజు వాసన.

కాసేపాగి ఇంకో ఈల. మొదటిదానికంటే దగ్గర్నుంచి. తుస్సుమంటూ, తుంపరతో.

అది కూడా ఒక్కసారే.